వడ్డించేవాళ్లు ఇద్దరైతే

(కాకినాడలో ఒక మేడ ఇల్లు. కింద హాల్లో టీవీ పక్కన ఫైబర్ బాక్సు, దాని ఎదురుగా కామేశ్వరి ల్యాప్‌టాప్. మేడ మీది గదిలో సత్యనారాయణ డెస్క్‌టాప్. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసి రిటైరైంది, ఆయన ట్రెజరీలో. సాయంత్రం నాలుగు. ఆరింటికి ఆవిడ ఆన్‌లైన్‌లో పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పాలి.)

కామేశ్వరి: ఏవండీ! పొద్దున్న శుభ్రంగా పనిచేసిన నెట్టు ఇప్పుడెందుకు చచ్చింది? ఎల్‌వోఎస్ దగ్గర, అదే సిగ్నల్ పోయిందని చెప్పేచోట, ఎర్రదీపం మినుకుమినుకుమంటోంది.

సత్యనారాయణ: నేనేమీ ముట్టుకోలేదే. వేలాడుతున్న ఆ పసుపురంగు తీగని కాస్త పద్ధతిగా మేకుకి చుట్టాను, అంతే.

కామేశ్వరి: మేకుకా! అది బట్టలారేసుకునే తాడు కాదండీ, లోపల ఉన్నది గాజు. అంత బిగించి వంచితే వెలుతురు ఆ మలుపు దగ్గరే బయటికి కారిపోతుంది. కాఫీ గ్లాసు చుట్టూ చుట్టినంత వదులైనా ఉండాలి.

(విప్పుతుంది. ఎర్రదీపం ఆరిపోతుంది.)

సత్యనారాయణ: దీపం సంగతి సరే, నా సంగతి తేల్చు. నెలనెలా 150 ఎంబీపీఎస్ వేగానికి కడుతున్నాం. నీకు 75, నాకు 75 రాసిచ్చెయ్.

కామేశ్వరి: గట్టు వేసుకోడానికి అన్నదమ్ముల పొలమనుకున్నారా? మీరు కునుకు తీసేటప్పుడు 150 నాదే, నేను వంటింట్లో ఉంటే 150 మీదే. ఇద్దరం ఒకేసారి లాగినప్పుడే పంచుకోవడం. వాటాలు కట్టేస్తే మీ సగం ఖాళీగా పడుంటుంది, నాకు అక్కరకు రాదు.

సత్యనారాయణ: ఇంతకీ నీ క్లాసుకి ఎంత కావాలేం?

కామేశ్వరి: వీడియో పాఠానికి మూడో నాలుగో ఎంబీపీఎస్ చాలు.

సత్యనారాయణ: మరి 150 ఎవరి కోసం కడుతున్నామే!

కామేశ్వరి: మీ షేర్ మార్కెట్ పండితుల వీడియోల కోసం.

సత్యనారాయణ: ఆ పండితులే మేడెక్కి రావట్లేదు కదా!

కామేశ్వరి: మధ్యలో అంత మందం స్లాబు, దాంట్లో ఇనుప చువ్వలు. వైఫై ఏం చేస్తుంది? అందుకే బాక్సు నుంచి మేడ మీదికి ల్యాన్ వైరు లాగమన్నాను.

సత్యనారాయణ: లాగానుగా! 20 మీటర్లు. మెట్ల పక్క కిటికీలోంచి తీసుకెళ్లి, చివర నా పాత రూటరు కూడా పెట్టాను. ఒక పక్క కనెక్టెడ్ అంటుంది, ఆ పక్కనే నో ఇంటర్నెట్ అంటుంది. ఉన్నట్టా లేనట్టా?

కామేశ్వరి: కమాండ్ ప్రాంప్టు తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. ఏముందో చదవండి.

సత్యనారాయణ (మేడ మీంచి అరుస్తూ): ఐపీవీ4 అడ్రస్ 192.168.1.100! డిఫాల్ట్ గేట్‌వే 192.168.1.1!

కామేశ్వరి: గేట్‌వే అంటే ఇంట్లోంచి నెట్టులోకి దారి చూపే పెట్టె అడ్రసు. నా గేట్‌వే కూడా 192.168.1.1 అనే ఉంది. కాకపోతే నాది ఈ ఫైబర్ బాక్సు, మీది ఆ పాత రూటరు. ఒకే వీధిలో రెండిళ్లకి ఒకే డోర్ నెంబరు పెడితే పోస్టుమాన్ ఉత్తరం ఎక్కడిస్తాడు?

సత్యనారాయణ: మన పోస్టుమానైతే ఎక్కడా ఇవ్వడు.

కామేశ్వరి: పైగా ఇంటికి వచ్చిన ప్రతి కంప్యూటరుకీ అడ్రసు పంచే పని డీహెచ్‌సీపీది. ఇప్పుడు మనింట్లో రెండు పెట్టెలూ ఆ పని చేస్తున్నాయి. ముందు ఎవరు పలికితే వాళ్ల అడ్రసే.

సత్యనారాయణ: వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదన్నారు. నా రూటరు నాకు వడ్డిస్తే తప్పేంటి?

కామేశ్వరి: మీవాడి చేతిలో గరిటుంది కానీ గంగాళం లేదండీ! అడ్రసైతే ఇస్తాడు, ఇంటర్నెట్ ఉన్నది ఈ బాక్సు దగ్గర. మీ కంప్యూటరు పాపం విస్తరి ముందు కూర్చుని వాడి మొహం చూస్తోంది. వస్తున్నానుండండి, నా మోకాళ్లకి ఇది నాలుగోసారి.

(మేడ మీద.)

కామేశ్వరి: ముందు కింద నుంచి వచ్చిన వైరు పీకండి. ఈ రూటరూ మీ కంప్యూటరూ మాత్రమే కలిసుండాలి. ఇప్పుడు బ్రౌజర్లో 192.168.1.1 కొట్టండి, ఈసారి ఖాయంగా మీవాడే పలుకుతాడు. ల్యాన్ సెట్టింగుల్లో వాడి అడ్రసు 192.168.1.2 చెయ్యండి. సేవ్. మళ్లీ ఆ కొత్త అడ్రసుతో లోపలికి వెళ్లి, అప్పుడు డీహెచ్‌సీపీ ఆపండి.

సత్యనారాయణ: ముందు ఆపేస్తే?

కామేశ్వరి: కంప్యూటరుకి అడ్రసిచ్చే దిక్కుండదు. 169.254 తో మొదలయ్యే దిక్కులేని అడ్రసొకటి తనే పెట్టుకుంటుంది, ఇక రూటరు గుమ్మం కూడా కనపడదు. రీసెట్ పిన్ను కోసం నా పిన్నీసులు వెతుకుతారు.

సత్యనారాయణ: ఆ 2 నెంబరుని కింద బాక్సు ఇంకెవరికైనా ఇచ్చేస్తే?

కామేశ్వరి (ఒక్క క్షణం ఆగి): ట్రెజరీ బుర్ర అప్పుడప్పుడు పనిచేస్తుంది. నిజమే, ఇస్తుంది. అందుకే పంపిణీ 10 నుంచి మొదలుపెట్టమని ఆ బాక్సులో మార్చే వచ్చాను. ఇప్పుడు వైరు పెట్టండి. ఆ నీలం పోర్టులో కాదు! మామూలు ల్యాన్ పోర్టులో.

సత్యనారాయణ: దాని మీద ఇంటర్నెట్ అని రాసుంది కదే.

కామేశ్వరి: రాసుంటుంది. అందులో పెడితే వీడు మేడ మీద వేరు కాపురం పెడతాడు. అడ్రసులు వేరే వరస చేసి, వీడి డీహెచ్‌సీపీ ఉంచుకుంటే మీకు నెట్టు వస్తుంది. కానీ కింద నా ల్యాప్‌టాప్‌కి మీ కంప్యూటరు కనపడదు, దానికి తగిలించిన ప్రింటరు అందదు. ప్రశ్నపత్రం ప్రింటు కావాలంటే మిమ్మల్ని బతిమాలుకోవాలి.

సత్యనారాయణ: ఆ పద్ధతేమీ చెడ్డది కాదే.

(ఆవిడ మెట్లు దిగి కుర్చీలో కూర్చుంటుంది. రెండు నిమిషాల్లో అంతా ఆగిపోతుంది. బాక్సు మీద ల్యాన్ దీపాలు గంగిరెద్దులా ఊగిపోతుంటాయి.)

కామేశ్వరి: ఏం చేశారు!

సత్యనారాయణ: ఏమీ లేదు. చిన్న వైరు ముక్క రూటరుకి ఒక చివర తగిలించి వేలాడుతోంది. రెండో చివర కూడా దాంట్లోనే పెట్టేశాను. చూడ్డానికి బాగుంది.

కామేశ్వరి: పీకెయ్యండి తక్షణం! ఇంట్లో అందరికీ అని ఒక కబురొస్తే రూటరు దాన్ని అన్ని పోర్టుల్లోంచీ పంపుతుంది. మీ వైరులో ఇటు వెళ్లిన కబురు అటు నుంచి మళ్లీ దాని చెవిలోనే పడింది. అది కొత్త కబురనుకుని మళ్లీ అందరికీ చెప్పింది. దానికి అంతెక్కడ?

సత్యనారాయణ: మీ అక్కయ్య ఫోన్ లాగా.

కామేశ్వరి: మా అక్కయ్య కనీసం భోజనానికి ఆగుతుంది.

(వైరు పీకగానే దీపాలు నెమ్మదిస్తాయి.)

సత్యనారాయణ: నెట్టు వచ్చింది! వచ్చింది కానీ... తూలుతోంది. ఒకసారి 40, ఒకసారి 2, ఒకసారి సున్నా.

కామేశ్వరి: ఆ వైరుకి జాక్ ఎవరు కొట్టారు?

సత్యనారాయణ: నేనే, నీ క్రింపింగ్ టూల్‌తోనే. టెస్టర్లో పెట్టి చూశాను, ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి. నన్ననకు.

కామేశ్వరి: రంగులు ఏ వరసలో పెట్టారు?

సత్యనారాయణ: జంటలు జంటలుగా, ముచ్చటగా. నారింజ జంట, ఆకుపచ్చ జంట, నీలం జంట, గోధుమ జంట. రెండు చివరలా అదే వరస.

కామేశ్వరి: అదీ సంగతి. జాక్ పిన్నుల్లో 1, 2 ఒక జంట. కానీ 3కి జోడీ 4 కాదండీ, 6. వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మెలితిప్పిన రెండు తీగల మీదా బయటి రొద ఒకేలా పడుతుంది, అటు చివర ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే రొద పోతుంది. మీరు ఆకుపచ్చ వాడికి నీలం వాళ్ల అమ్మాయిని కట్టబెట్టారు. టెస్టరు చూసేది ఈ చివర నుంచి ఆ చివరికి తీగ ఉందా లేదా అని, కాపురం సవ్యంగా ఉందా అని కాదు.

(రెండు జాక్‌లూ కత్తిరించి కొత్తవి కొడుతుంది. రాగి కొనలు జాక్ ముందు గోడని తాకేదాకా తోసి, పై తొడుగు కూడా జాక్ లోపలికి వెళ్లేలా నొక్కుతుంది. మెలిక విప్పింది సెంటీమీటరుకి కాస్త ఎక్కువ, అంతే.)

సత్యనారాయణ: ఇప్పుడు తూలడం లేదు. కానీ మోసం! 150 అన్నాడు, డౌన్‌లోడు చూస్తే 11.7 దగ్గర నిలబడిపోయింది. కంప్లైంటు రాస్తున్నా.

కామేశ్వరి: కలం దించండి. ఆ 11.7 ఎంబీ, బైట్లలో. కంపెనీ చెప్పే 150 బిట్లలో. పదహారణాలకి రూపాయైనట్టు ఎనిమిది బిట్లకి ఒక బైటు. ఎనిమిది పెట్టి హెచ్చించండి.

సత్యనారాయణ: 93.6. అంటే 94 అనుకో. మిగతా 56 ఎవరు తిన్నారు?

కామేశ్వరి: 94 దగ్గర కదలకుండా ఆగిందంటే కంపెనీని అనక్కర్లేదండీ, దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టుందని అర్థం. డేటాకి చుట్టే అడ్రసుల పైమూటల కూలి పోగా 100లో చేతికి మిగిలేది అంతే. వైరు ఇప్పుడు బాగానే ఉంది. మీ రూటరు తిరగేసి వెనక ఏం రాసుందో చదవండి.

సత్యనారాయణ (కళ్లజోడు సవరించుకుని): 10 బై 100.

కామేశ్వరి: దొరికాడు. వాడి పోర్టు 100 దాటదన్నమాట. వైరు వాడి దగ్గర్నుంచి తీసి తిన్నగా మీ కంప్యూటర్లో పెట్టండి. దానిది గిగాబిట్ పోర్టే, అంటే 1000 ఎంబీపీఎస్‌ది.

(కాసేపు నిశ్శబ్దం.)

సత్యనారాయణ: 150! ఒక్కోసారి 152 కూడా!

కామేశ్వరి: బాక్సుకి నాలుగు ల్యాన్ పోర్టులున్నాయి, ఒకదాంట్లోంచి మీకు వైరు, నాకు ఇక్కడ వైఫై. ఉన్నవి రెండు కంప్యూటర్లు. అసలు ఆ పాత రూటరు మధ్యలో ఎందుకు పెట్టారు?

సత్యనారాయణ: ఊరికే పడుందని.

కామేశ్వరి: ఊరికే పడున్నదాని కోసం రెండు గంటలు! ఆరవుతోంది, పిల్లలొచ్చేస్తారు.

సత్యనారాయణ: పోనీ పారెయ్యడమెందుకు, మా తమ్ముడికిచ్చేస్తాను.

కామేశ్వరి: మన గృహప్రవేశానికి మా మరిదిగారు చదివించిందే అదండీ.