కనుపాప లేకపోయినా చూపు ఉంటుంది

సూపర్ హీరో బొమ్మ గీయమంటే చాలామంది ఛాతీ దగ్గర మొదలుపెడతారు. కండలు, కేప్, గుండెల మీద గుర్తు. అదంతా యూనిఫాం. లోపల ఉన్నది ఎలాంటి మనిషో చెప్పాల్సింది కళ్లే. సినిమాలోనైతే నటుడి ముఖం ఉంటుంది. యానిమేషన్‌లో రెండు గీతలు, కాస్త తెల్లరంగు, వాటితోనే నెట్టుకురావాలి.

ముసుగు వేసుకుంటే కనుపాపలు మాయమయ్యే పద్ధతి 1936 నాటి కామిక్ హీరో ఫాంటమ్ దగ్గరే కనిపిస్తుంది. గ్రీకు శిల్పాలు చూసి ఆ ఆలోచన వచ్చిందని సృష్టికర్త లీ ఫాక్ చెప్పాడు. 1992లో వచ్చిన బ్యాట్‌మన్ యానిమేషన్ సిరీస్‌లో బ్రూస్ టిమ్ డిజైన్ చూడండి. నల్లటి ముసుగులో తెల్లటి చీలికలు రెండు, అంతే. ఎటు చూస్తున్నాడో దొంగకు తెలియదు, వణుకు అక్కడే మొదలవుతుంది. ముసుగు తీస్తే కనుపాపలు వచ్చేస్తాయి, బ్యాట్‌మన్ కాస్తా బ్రూస్ వేన్ అనే మామూలు మనిషైపోతాడు. 1997లో ఆ సిరీస్‌కు కొత్త రూపం ఇచ్చినప్పుడు విలన్ జోకర్ కళ్లు నల్లగా మార్చి మధ్యలో తెల్ల చుక్క పెట్టారు. నాకది అస్సలు నచ్చలేదు. కొంటెతనం పోయి దెయ్యం మిగిలింది. చుక్క రంగు మారితే మనిషే మారిపోయాడు!

స్పైడర్‌మన్ సంగతి ఇంకా బాగుంటుంది. ముఖమంతా గుడ్డే, నోరు కూడా కనిపించదు. 2018 నాటి 'ఇన్‌టు ద స్పైడర్‌వర్స్'లో స్పైడర్‌మన్ అయిన కుర్రాడు మైల్స్ భయపడితే ముసుగు మీది తెల్ల కళ్లు విచ్చుకుంటాయి, అనుమానం వస్తే సన్నబడతాయి. గుడ్డ ఎలా కదులుతుందని ఎవరూ అడగరు. 2016లో నటులతో తీసిన 'సివిల్ వార్'లో ఇదే పని చేయడానికి కళ్లకు షట్టర్లు బిగించి, అదో టెక్నాలజీ అని సాకు చెప్పాల్సి వచ్చింది.

గొంతు, నడక, సంగీతం లేకుండా కళ్లేం చేస్తాయని అడిగేవాళ్లున్నారు. పెద్ద కళ్లు పెడితే ఎవరైనా ముద్దొస్తారు, అదో చవక ట్రిక్ అనేవాళ్లూ ఉన్నారు. కార్టూన్ సిరీస్ పవర్‌పఫ్ గర్ల్స్‌లోని అమ్మాయిలు ముగ్గురికీ ముఖం నిండా కళ్లే, సైజూ ఒకటే. అయినా బటర్‌కప్ రెప్ప కాస్త వాలితే చాలు, గొడవకు రెడీ అని తెలిసిపోతుంది. ముగ్గురిలో మెతకదైన బబుల్స్‌ని చూసి అలా పొరబడం.

'బిగ్ హీరో 6'లో రోబో బేమ్యాక్స్‌కి ఆ పెద్ద కళ్లూ లేవు. రెండు నల్ల చుక్కలు, వాటిని కలుపుతూ ఒక గీత. జపాన్ గుడిలో చూసిన గంట నుంచి దర్శకుడు డాన్ హాల్ ఆ ముఖం పట్టుకొచ్చాడు. కనుబొమలు లేవు, నోరు లేదు. తల కొంచెం వాల్చి నెమ్మదిగా రెప్ప వేస్తాడు. అంతే, ఆ ఖాళీలో జాలి, ఓపిక అన్నీ మనమే నింపుకుంటాం.

అసలు నా గొడవ ఇక్కడే. నిజంలా కనిపించాలనే పిచ్చి స్టూడియోలను వదలడం లేదు. 2019 నాటి 'లయన్ కింగ్'లో సింహాలు అచ్చం సింహాల్లాగే ఉన్నాయి, అందుకే వాటి ఏడుపు మనదాకా రాలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో వీడియో గేమ్ హీరో సోనిక్ సినిమా ట్రైలర్ వచ్చింది. గేముల్లో కలిసిపోయి ఉండే పెద్ద కళ్లను విడదీసి, చిన్నవి చేసి, మనిషి పళ్లు పెట్టారు. అభిమానులు ఏకిపారేశారు. సినిమా నవంబరు నుంచి 2020 ఫిబ్రవరికి వెళ్లింది, కళ్లు మళ్లీ పెద్దవయ్యాయి. అంత జరిగినా ప్రచార వీడియోల్లో ఇప్పటికీ బొచ్చు ఎంత సహజంగా ఊగుతోందో, బట్టల మడతలు ఎంత బాగా వచ్చాయో చెప్పుకుంటూనే ఉంటారు. రెప్ప ఎక్కడ వాలాలో రాత్రంతా కూర్చుని తేల్చిన యానిమేటర్ పేరు మాత్రం, థియేటర్ సగం ఖాళీ అయ్యాక గానీ తెర మీదికి రాదు.