చిన్న దేశమని పని చిన్నదైపోదు

ఆఫ్రికాలోని బురుండి లాంటి చిన్న దేశంలో పోప్ రాయబారికి వేడుకలకు హాజరు కావడం తప్ప పనేముంటుందని మీ వ్యాసంలో తేల్చేశారు. ఆ మాట మనసుకు కష్టంగా అనిపించింది. 2003 డిసెంబర్ 29న అక్కడి నన్సియో (పోప్ రాయబారి), ఐర్లండ్‌కు చెందిన ఆర్చ్‌బిషప్ మైకేల్ కోర్ట్‌నీ, ఒక అంత్యక్రియలకు వెళ్లి అప్పటి రాజధాని బుజుంబురాకు తిరిగొస్తుంటే మినాగో అనే ఊరి దగ్గర ఆయన కారు మీద దుండగులు కాల్పులు జరిపారు. ఆస్పత్రిలో ఆపరేషన్ జరుగుతుండగానే ప్రాణం పోయింది. క్యూబాకు బదిలీ కావాల్సిన మనిషి! సర్కారు ఎఫ్ఎన్ఎల్ అనే సాయుధ దళానికి చెందిన తిరుగుబాటుదారులను వేలెత్తి చూపింది, వాళ్లు కాదన్నారు.

కాథలిక్కులే ఎక్కువగా ఉన్న ఆ దేశంలో, 1993లో మొదలై అప్పటికింకా సాగుతున్న అంతర్యుద్ధం మధ్య, అందరితోనూ మాట్లాడగలిగిన కొద్దిమందిలో ఆయనొకరు. ఆయన గురించి ఒక్క వాక్యమైనా రాయాల్సింది. దయచేసి చేర్చండి.