కుదురు కుదిరింది

ఇది నిన్న సాయంత్రం సంగతి. కడుపులో ఇంకా రగులుతూనే ఉంది కాబట్టి ముందు కథ గబగబా చెప్పేస్తాను.

మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. జులై 4 వాళ్ళకి పెద్ద పండగ. 1776లో ఇంగ్లండు వాళ్ళకి ఇక మీకూ మాకూ చెల్లు అని చెప్పేసిన రోజు. ఆ పండక్కి వీధి తలుపులకి ఎరుపు, తెలుపు, నీలం గుడ్డపీలికలతో కట్టిన గుండ్రటి చుట్టలు వేలాడదీస్తారట. కొంటే ముప్పై అయిదు డాలర్లు. "మనింట్లో పాత గుడ్డలకేం కరువమ్మా, నువ్వు కట్టేసి ఆవకాయతో పాటు పంపెయ్" అంది. దాన్ని రీత్ అంటారట. ఆ మాట వినగానే మావారు పేపరు కిందకి దించి, "పోయినవాళ్ళ మీద పెట్టేది గుమ్మానికి కడతారా!" అన్నారు. మళ్ళీ పేపరు పైకెత్తేశారు. ఈ వ్యవహారంలో ఆయన అందించిన సాయం అంతే.

అమ్మాయి ఒక వీడియో పంపింది. అందులో ఒకావిడ నవ్వుతూ, పది నిమిషాల పనేనండీ, పైసా ఖర్చుండదు అంటుంది. ఎందుకుండదూ, పీలికలన్నీ ఎవరో ముందే కత్తిరించి ఆవిడ పక్కన బుట్టలో పెట్టి ఉన్నాయి. నాకా బుట్ట పెట్టేవాళ్ళెవరు? జానెడు పొడవు, అంగుళంన్నర వెడల్పు పీలికలు రెండు వందల నలభై. నీలానికి మావాడు వదిలేసి వెళ్ళిన జీన్స్ ప్యాంటు. తెలుపుకి మావారి పాత పంచె (ఇది ఆయనకి ఇంకా తెలీదు). ఎరుపుకి మాత్రం అరండల్‌పేట మ్యాచింగ్ సెంటర్లో మీటరు టూబైటూ గుడ్డ, తొంభై రూపాయలు. "రంగు దిగుతుందా బాబూ?" అనడిగాను. "దిగదమ్మా, గ్యారంటీ" అన్నాడు ఆ కుర్రాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా. ఈ గ్యారంటీ మాట గుర్తుంచుకోండి.

ఇనప రింగు కోసం అటక మీది పన్నెండంగుళాల టేబుల్ ఫ్యాను జాలీ ఊడదీశాను. వాళ్ళ జెండాలో యాభై రాష్ట్రాలకి యాభై నక్షత్రాలుంటాయి. యాభై కత్తిరించే ఓపిక నాకు లేదు. 1777 నాటి వాళ్ళ జెండాలో పదమూడే ఉండేవని తెలిసి ప్రాణం లేచొచ్చింది. పంచె అంచులోంచి పదమూడు కత్తిరించి, ఇరవై రూపాయల ఫెవికాల్‌తో జీన్స్ పీలికల మీద అతికించాను. ముడులన్నీ వేయడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల గురించి ఏమీ చెప్పను. బొటనవేలికి బొబ్బ ఉంది, అడిగితే అదే చెబుతుంది.

మొత్తం ఖర్చు నూటపది రూపాయలు. ఆ గర్వంతోనే నిన్న పొద్దున లక్ష్మీపురంలో కొరియరు ఆఫీసుకి వెళ్ళాను. ఏ కొరియరో చెప్పను. అందరూ ఒకటే.

"ఐటం ఏంటమ్మా?"

"గుడ్డ చుట్ట, అమెరికాకి."

"చుట్టలు తీసుకోమమ్మా. పొగాకు నిషేధం."

అతని తప్పు లేదు, గుంటూరులో చుట్ట అంటే ఎవరికైనా ముందు పొగే గుర్తొస్తుంది. సంచీలోంచి తీసి చూపించాక, అట్టపెట్టెలో పెట్టి టేపేసి, కాటా మీద పెట్టాడు. ఆరువందల యాభై గ్రాములు. నేను పర్సు తీశాను. అతను టేపు తీశాడు. అతికించే టేపు కాదు, కొలిచే టేపు.

అప్పుడు తెలిసింది నాకు, విమానంలో వెళ్ళేవాటికి రెండు రకాల బరువులుంటాయని. ఒకటి కాటా చూపించేది. రెండోది పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి అయిదు వేలతో భాగిస్తే వచ్చేది. రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి. నా పెట్టె 45 ఇంటూ 45 ఇంటూ 10. అంటే 20,250. భాగిస్తే 4.05 కిలోలు. ఆ పాయింటు సున్నా అయిదుని పైకి జరిపి నాలుగున్నర చేశాడు. కిలోకి ఏడువందల యాభై చొప్పున మూడు వేల మూడు వందల డెబ్భై అయిదు రూపాయలు. ఆ డబ్బుతో టెక్సాస్‌లో కొత్తదే కొనుక్కోవచ్చు.

"మధ్యలో అంతా చిల్లే కదా బాబూ. చిల్లుకి కూడా డబ్బులా?"

"చిల్లు కూడా చోటు తీసుకుంటుందమ్మా."

"పోనీ ఆ చిల్లులో ఆవకాయ ప్యాకెట్టు పెట్టు."

"ఎత్తు పెరుగుతుందమ్మా."

అరగంట వాదించాను. వెనక లైన్లో ఒకాయన గోంగూర ప్యాకెట్లు పట్టుకుని నిట్టూర్చడం మొదలెట్టాడు. ఆవకాయ ఒక్కటే ఇచ్చేసి, చుట్ట వెనక్కి తీసుకున్నాను. టేపు పీకేటప్పుడు దాంతో పాటే రెండు నక్షత్రాలు ఊడిపోయాయి. "సారీ అమ్మా" అన్నాడు. ఆ సారీకి బరువు కట్టలేదు, సంతోషం.

ఇంటికొచ్చేసరికి రెండు. రోహిణి కార్తె ఎండ, రోళ్ళు పగులుతున్నాయి. చుట్టని వరండాలో స్టూలు మీద పడేసి, ఏసీ వేసుకుని పడుకున్నాను.

ఇక్కడ మా అత్తయ్యగారి గురించి కొంచెం చెప్పాలి. ఎనభై మూడేళ్ళు. ఫ్రిజ్జు నీళ్ళు ముట్టరు, గొంతు పట్టేస్తుందట. వరండాలో ఆవిడకొక మట్టికుండ ఉంది. దాని కింద కుదురు ఎండుగడ్డిది, ఉగాదికి ముందే ఎలకలు కొరికేశాయి. అప్పట్నుంచీ "అమ్మాయ్, కుండ కుదురుగా నిలవట్లేదే, ఓ కుదురు చూడు" అని వారానికోసారి గుర్తు చేస్తున్నారు. నేను వారానికోసారి సరేనంటున్నాను. కుండకి మాత్రం అటూ ఇటూ ఇటుక ముక్కలు పెట్టి నడిపిస్తున్నాం.

సాయంత్రం ఏడింటికి అమ్మాయి వీడియో కాల్ చేసింది. అక్కడ శనివారం పొద్దున ఎనిమిదిన్నర. "అమ్మా, పక్కింటావిడ వచ్చింది. మా అమ్మ చేత్తో చేసిందని చెబితే చూస్తానంది" అంది. నేను మంగళగిరి చీర కట్టుకునే ఉన్నాను, ముందే చెప్పింది కాబట్టి. తెరలో తెల్లజుట్టు దొరసాని ఒకావిడ కాఫీ కప్పుతో చెయ్యూపింది. నేనూ ఊపాను. పంపడానికి ఎంతడిగాడో తర్వాత చెప్పొచ్చు, ముందు చూపిద్దామని ఫోను పట్టుకుని వరండాలోకి నడిచాను.

"కెమెరా తిప్పమ్మా."

"తిప్పాను."

"నీ ముక్కు కనిపిస్తోంది."

మళ్ళీ తిప్పాను. స్టూలు ఖాళీ. స్టూలు కింద లేదు. మేకుకి లేదు. టెక్సాస్‌లో ఉన్న ఆ పెద్దావిడకి మా వరండా మొత్తం చూపించాను. మావారి బనీను, నీళ్ళ మోటారు, మూలనున్న ఉల్లిపాయల బస్తా, అన్నీ చూసింది పాపం. మర్యాదకి "నైస్" అంది, బహుశా బస్తాని.

"దేనికోసం వెతుకుతున్నావే?" అన్నారు అత్తయ్యగారు పడక్కుర్చీలోంచి, విసనకర్ర ఆపకుండా.

"గుడ్డ చుట్ట అత్తయ్యా, ఇక్కడ పెట్టాను."

"కుదురా? బాగా కుదిరిందే! ఇన్నాళ్ళకైనా చేసిపెట్టావు."

విసనకర్రతో చూపించారు. ఫోనూ అటే తిరిగింది. అమెరికా స్వాతంత్ర్యం మీద పది లీటర్ల నిండుకుండ కూర్చుని ఉంది.

అయిదు గంటలుగా కూర్చుంది. మట్టికుండ చల్లబడేదే చెమర్చడం వల్ల. గోడల సన్నటి రంధ్రాల్లోంచి నీరు బయటికి ఊరి, ఆరిపోతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. మా పిల్లలకి ఈ పాఠం బట్టీ పట్టించింది నేనే. ఆ ఊరిన నీరంతా ఎక్కడికి పోతుందో మాత్రం పుస్తకంలో లేదు. ఎక్కడికి పోవాలి? గ్యారంటీ గుడ్డలోకి. మావారి పంచె గులాబీ రంగులోకి తిరిగింది. జీన్స్ వంకాయ రంగు. గచ్చు మీద కుండ చుట్టూ ఎర్రటి మడుగు, ఎవర్నో పొడిచినట్టు.

అటువైపు రెండు క్షణాలు చప్పుడు లేదు. తర్వాత ఆ దొరసాని ఏదో అడిగింది. అమ్మాయి గొంతు సన్నగా వినిపించింది, "నానమ్మా, దాని మీద కుండ పెట్టావేంటి అంటోంది."

అడగకపోయినా చెప్పేవారు అత్తయ్యగారు. కుర్చీ ముందుకు లాక్కుని ఫోను దగ్గరికొచ్చారు. "చూడమ్మా, కుండకి అడుగు గుండ్రం. నేల మీద నిలవదు, దొర్లుతుంది. అందుకని కుదురు. మా కాలంలో గడ్డి మెలేసి చేసేవాళ్ళం. నెత్తిన బిందె పెట్టుకోడానికైతే పాత చీర చుట్టేవాళ్ళం, చుట్టకుదురు అంటారు. ఈ పిల్ల ముడులు వదులుగా వేసింది, ఇలా కుచ్చులు కుచ్చులుగా ఉండకూడదు. మొదటిసారి కదా, పోన్లే. మీ ఇంట్లో కుండ లేదా?"

ఇదంతా అమ్మాయి అనువదించింది. ఎలా అనువదించిందంటే, అత్తయ్యగారు నిమిషంన్నర మాట్లాడితే అది నాలుగు మాటల్లో తేల్చేసింది. దొరసాని "ఓ!" అంది. ముడులు వదులన్న ముక్క కూడా చేరిందేమో, నావంక జాలిగా చూసింది.

"అది తలుపుకి కట్టేది అత్తయ్యా" అన్నాను, ఎవరికి చెబుతున్నానో నాకే తెలీకుండా.

"తలుపుకి కుదురేంటే? మామిడాకులు కట్టు."

లోపల్నుంచి మావారు అప్పుడే వరండాలోకి వచ్చారు. కుండ చూశారు, కింద చూశారు, వంగి మళ్ళీ చూశారు. "ఈ అంచు నా పంచెది కదూ?" అన్నారు. అమ్మాయి కాల్ కట్ చేసింది. సిగ్నల్ పోయిందని తర్వాత మెసేజీ పెట్టింది. దాని కిందే ఇంకో మెసేజీ, ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టేశానమ్మా, ముప్పై అయిదు డాలర్లే అని.

ఇందాక కొరియరు వాళ్ళ దగ్గర్నుంచి కూడా మెసేజీ వచ్చింది. మా సేవలకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని. కుండ కాస్త వంచి లెక్కపెట్టాను. పదకొండూ ఉన్నాయి, గులాబీ రంగులో. ఒక్కటి కూడా ఇవ్వను.