క్రెటా ధరకే పోర్షే వస్తుందా?

పోయిన నెల మా బావమరిది ఒక ఫార్వర్డ్ పంపి, కింద "బావా, ఇది చదువు, తర్వాత మాట్లాడదాం" అని రాశాడు. అప్పటికే అది నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది కాబట్టి మీకూ వచ్చే ఉంటుంది. "కొత్త స్పోర్ట్స్ కారు కొనేవాడంత పిచ్చోడు ఇంకొకడు లేడు" అని మొదలై, "క్రెటా ధరకే పోర్షే మీ ఇంటి ముందు" అని ముగుస్తుంది. మధ్యలో ఉన్నది ఇదీ: షోరూమ్ గేటు దాటగానే మూడో వంతు ధర పోతుంది, ఆ నష్టం మొదటి ఓనరే భరిస్తాడు. డబ్బున్నవాళ్ళు కార్లు పెద్దగా తిప్పరు, కాబట్టి పాతదైనా కొత్తదాని కిందే లెక్క. ఢిల్లీలో కొంటే ఇంకా చవక. రిపేర్లు బయట మెకానిక్ దగ్గర సగానికే అయిపోతాయి. ఇన్సూరెన్స్ తక్కువ. మూడేళ్ళు నడుపుకుని కొన్న రేటుకే అమ్మేయొచ్చు.

నేను నడిపేది సెకండ్ హ్యాండ్ కారే, పాతది కొనొద్దని చెప్పడానికి ఇది రాయట్లేదు. కానీ ఈ ఫార్వర్డ్ లెక్కంతా కొనేరోజు ఇచ్చే డబ్బు దగ్గరే ఆగిపోయింది. కారు మన ఇంటికొచ్చాక అయ్యే ఖర్చు అందులో ఎక్కడా లేదు.

కొత్త కారు ధర గేటు దాటగానే పడిపోతుందన్న మొదటి మాటలో నిజం ఉంది, ఒప్పుకోవాలి. మన దగ్గర ఇంకాస్త ఎక్కువే నిజం. తెలంగాణలో 20 లక్షలు దాటిన కారుకు లైఫ్ ట్యాక్సే 18 శాతానికి తగ్గదు. అంటే 60 లక్షల కారుకు తక్కువలో తక్కువ దాదాపు 11 లక్షలు ట్యాక్సు కిందే పోతుంది. కారు ఇక్కడే ఉన్నంతకాలం అది కట్టినవాడికి తిరిగి రాదు, కారుతోపాటు రెండో ఓనరుకు వెళ్తుంది. అందుకే మన రాష్ట్రం నంబరే ఉన్న రెండు మూడేళ్ళ కారు కొనేవాడికి నిజంగా లాభం. ఈ ముక్కకి ఫార్వర్డ్ రాసినాయనకు మార్కులు వేయాల్సిందే.

కానీ అన్ని కార్లూ ఒకేలా పడిపోవు. 2020లో స్కోడా వాళ్ళు ఆక్టేవియా ఆర్‌ఎస్ 245ను మన దేశానికి 200 మాత్రమే తెచ్చారు, ఎక్స్‌షోరూమ్ 35.99 లక్షలు. అది సగం ధరకు దొరుకుతుందని కూర్చున్నవాళ్ళు ఇంకా కూర్చునే ఉన్నారు. తక్కువ వచ్చిన కారు, జనం మోజుపడిన కారు అంత తొందరగా దిగదు.

ఇక "నష్టం మొదటి ఓనరే భరిస్తాడు" అన్నది తప్పని 2025 సెప్టెంబరు 22న తేలిపోయింది. ఆ రోజు జీఎస్టీ మారింది. అంతకుముందు 1500 సీసీ దాటిన పెద్ద కార్ల మీద 28 శాతం జీఎస్టీ, పైన 20 శాతం సెస్సు ఉండేవి. రెండూ పోయి మొత్తం 40 శాతం అయింది. ఎక్స్‌షోరూమ్ 80 లక్షల కారు మీద ఆ తేడా నాలుగు లక్షల పైనే. కొత్తదాని ధర దిగితే పాతదాని ధర కూడా దిగాల్సిందే కదా. ఆగస్టులో పాతది కొన్నవాడు ఎవరి తప్పూ లేకుండానే రాత్రికి రాత్రి నష్టపోయాడు. అతను మొదటి ఓనరు కాదు మరి.

డబ్బున్నవాళ్ళు కార్లు తిప్పరన్న రెండో మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే జనం బోల్తా పడేది ఇక్కడే.

మా బావమరిది మనసు పడ్డ కారు గచ్చిబౌలిలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంది. 2017 మోడల్, పసుపు రంగు, రెండు డోర్లది. మీటరు మీద తొమ్మిది వేల చిల్లర. చూపించడానికి వచ్చిన కుర్రాడు "సార్, ఆదివారం కూడా బయటికి తీయలేదు" అని మురిసిపోతూ చెప్పాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని టైరు పక్కన ఫోను లైటు వేశాను. టైరు గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అక్కడ 1117 అని ఉంది. అంటే 2017లో పదకొండో వారంలో తయారైన టైర్లు. గాట్లు నిండుగా, కొత్తవాటిలాగే ఉన్నాయి. గోరుతో నొక్కితే మాత్రం చెక్కలా తగిలింది. గాట్ల మధ్య సన్నటి పగుళ్ళు. మూడు వందల గుర్రాల బలం ఉన్న కారు వర్షంలో ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ టైర్లతో పోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. నాలుగూ మార్చాల్సిందే. పైగా వెనక టైర్లది ఒక సైజు, ముందువాటిది ఇంకో సైజు.

బానెట్ ఎత్తితే ఎలుకల పెంటికలు. ఒక వైరింగ్ కట్ట మీద కంపెనీ టేపు పక్కనే వేరే రంగు టేపు. కుర్రాడు "అది మామూలే సార్" అన్నాడు.

తిప్పకుండా ఉంచడమంటే జాగ్రత్తగా చూసుకోవడం కాదు. ఇంజిన్ ఆయిల్‌కి కిలోమీటర్లతోపాటు కాలం లెక్క కూడా ఉంటుంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి, డిస్కులు తుప్పు పడతాయి, బ్యాటరీ దిగిపోతుంది. నన్నడిగితే ఎనిమిదేళ్ళ పైన తొమ్మిది వేలే తిరిగి బిల్లులు లేని కారు కంటే, నలభై వేలు తిరిగి ఏటా సర్వీసు బిల్లు ఉన్నది మేలు.

రెండో రకం "తక్కువ తిరిగిన" కారు ఇంకా ప్రమాదం. తిరిగింది తక్కువే, కానీ తిరిగినంతసేపూ చావగొట్టి ఉంటారు. ఇంజిన్ కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చి బలం పెంచడం, దాన్నే కుర్రాళ్ళు స్టేజ్ వన్ అంటారు, ఇప్పుడు చాలా మామూలైపోయింది. అమ్మేముందు మళ్ళీ పాత ప్రోగ్రాం ఎక్కిస్తారు. కంటికి కనబడదు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లయితే కంపెనీ సిస్టంలో టీడీ1 అనే గుర్తు పడే అవకాశం ఉంది. అది పడితే ఇంజిన్, గేర్‌బాక్సుల వారంటీ పోయినట్టే. పోర్షేలో ఇంజిన్‌ని హద్దు దాటి ఎన్నిసార్లు తిప్పారో కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది, కంపెనీ స్కానర్ పెడితే ఆ చిట్టా బయటికొస్తుంది. అమ్మేవాడు స్కాన్‌కి ఒప్పుకోకపోతే అక్కడితో టీ తాగి వచ్చేయడమే.

వరద కార్ల సంగతి వేరే చెప్పాలా? 2020 అక్టోబరులో హైదరాబాద్ సెల్లార్లు మునిగాయి, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సగం మునిగింది. స్పోర్ట్స్ కారు నేలకు ఎంత దగ్గరగా ఉంటుందో తెలుసుగా, మోకాలి లోతు నీళ్ళు చాలు. లోపలంతా కడిగి, కార్పెట్లు మార్చి, సెంటు కొట్టి అమ్ముతారు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. మామూలుగా ఎవరూ అంత పొడవు లాగరు, అందుకే కడిగేవాడు కూడా మర్చిపోతాడు. అక్కడ మట్టి చార కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు. గచ్చిబౌలి కారు బెల్టు మాత్రం శుభ్రంగానే ఉంది, ఉన్నమాట చెప్పాలి.

ఇప్పుడు ఢిల్లీ. "పదేళ్ళ రూలు వల్ల అక్కడ స్పోర్ట్స్ కార్లు కారుచవక" అంటుంది ఫార్వర్డ్. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) పెట్టి, 2018లో సుప్రీంకోర్టు బలపరిచిన ఆ పదేళ్ళ రూలు డీజిల్ కార్లకు. పెట్రోలుకు పదిహేనేళ్ళు ఉండేది. 2025లో సుప్రీంకోర్టే దాన్ని సడలించింది కూడా. స్పోర్ట్స్ కార్లలో డీజిల్‌వి ఎన్ని? రాసినాయన పెద్ద డీజిల్ ఎస్‌యూవీల లెక్క తెచ్చి వీటికి అంటించాడు.

సరే, అక్కడ చవకే అనుకుందాం. ఇక్కడికి తేవాలంటే ముందు అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం కావాలి. లోను ఉంటే బ్యాంకు దగ్గర క్లియర్ చేయించాలి, పోలీసు కేసులేమీ లేవని తేలాలి. వేరే రాష్ట్రం కారు ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంటే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు వేయించాల్సిందే. అప్పుడు మళ్ళీ లైఫ్ ట్యాక్సు. కారు వయసును బట్టి శాతం తగ్గుతుంది నిజమే, కానీ ఆ శాతం వేసేది మీరు కొన్న 25 లక్షల మీద కాదు, అది కొత్తగా ఉన్నప్పటి ధర మీద. 80 లక్షల కారు ఆర్టీఏ ఆఫీసులో ఎప్పటికీ 80 లక్షల కారే. ఢిల్లీలో కట్టిన ట్యాక్సులో మిగిలింది వెనక్కి అడగొచ్చు. అయితే ఆ ఆఫీసు అక్కడ, మీరు ఇక్కడ, పైగా ఆ ట్యాక్సు కట్టింది మొదటి ఓనరు.

ఇంకా చవకగా పుదుచ్చేరి, హిమాచల్ నంబర్లతో తిరిగే కార్లు కూడా చూపిస్తారు. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్ళు ఆపరేషన్ నుమ్‌ఖోర్ అని పెట్టి, భూటాన్ మీదుగా సుంకం ఎగ్గొట్టి తెచ్చిన కార్ల కోసం సోదాలు చేశారు. కార్లను పట్టుకుపోయింది ప్రస్తుత ఓనర్ల ఇళ్ళ నుంచే. కాగితాలు సరిగ్గానే ఉన్నాయనుకున్నవాళ్ళకీ ఆ తలనొప్పి తప్పలేదు.

రిపేర్ల మాటకొస్తే, కారు పాతబడితే కారు ధర తగ్గుతుంది, దాని సామాను ధర తగ్గదు. బ్రేక్ డిస్కుకి మీరు రెండో ఓనరని తెలియదు. బయట మెకానిక్ దగ్గర లేబర్ తగ్గుతుంది, అది నిజం. మంచి మెకానిక్ దొరికితే సగం కూడా కావచ్చు. కానీ ఈ కార్ల బిల్లులో లేబర్ చిన్న ముక్క. పైగా ఒక్కో మోడలుకి ఒక్కో జబ్బు ఉంటుంది. మొదటి తరం పోర్షే బాక్‌స్టర్‌కి ఇంజిన్ లోపలి ఐఎంఎస్ బేరింగ్, వీ8 ఇంజిన్‌తో వచ్చిన బీఎండబ్ల్యూ ఈ92 ఎం3కి రాడ్ బేరింగ్‌లు. ముందే మార్చుకుంటే ఖర్చుతో పోతుంది, పట్టించుకోకపోతే ఇంజినే పోతుంది. 2016లో ఫోర్డ్ మస్టాంగ్ జీటీ 65 లక్షలకు మన దేశానికి వచ్చింది. ఐదేళ్ళు తిరిగేసరికి, 2021లో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీసు కొనసాగిస్తామని చెప్పారు, కానీ షోరూమ్‌కి వెళ్ళి అడిగే రోజులు పోయాయి. ఆ కారు కొనాలనుకునేవాడు ముందు సామాను ఎక్కడ దొరుకుతుందో చూసుకుని, ఆ తర్వాత కారు చూడాలి.

పెట్రోలు గొడవ ఒకటి కొత్తగా వచ్చింది. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపినది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లు దానికి తగ్గట్టు వస్తున్నాయి. అంతకుముందువాటి పైపులు, సీళ్ళు దీన్ని తట్టుకుంటాయో లేదో కంపెనీ పుస్తకం చూసుకోవాలి.

ఇన్సూరెన్స్ ప్రీమియం తగ్గుతుంది, ఎందుకంటే వాళ్ళు ఇచ్చేదీ తగ్గుతుంది. సామాను పాతదని కోత వేయకుండా డబ్బిచ్చే జీరో డెప్ మామూలుగా ఐదేళ్ళ దాకానే ఇస్తారు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు సామానుకి సగం మన జేబులోంచే. ఐదేళ్ళు దాటిన కారుకి ఇనుప సామానులో కూడా 40 శాతం మనదే. స్పోర్ట్స్ కారుకి ముందు బంపరు ఎప్పుడు ఏ స్పీడ్ బ్రేకరుకి తగులుతుందో తెలియదు, అది ప్లాస్టిక్కే. పాత ఓనరు క్లెయిములు చేయనందుకు వచ్చిన తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, కూడా కారుతో రాదు, ఆయనతోనే పోతుంది.

చివరిది, కొన్న రేటుకే అమ్మడం. మీరు అమ్మేటప్పటికి ఆర్‌సీ మీద మూడో ఓనరు పడబోతున్నాడు, కారుకి పదేళ్ళు, వారంటీ లేదు. కొనేవాడు కూడా ఇలాంటి ఫార్వర్డే చదివి వస్తాడు, సగానికి అడుగుతాడు.

ఇదంతా ఫోనులో మా బావమరిదికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే కొత్తదే కొనమంటావా బావా?" అన్నాడు. లోను తీసుకునేటట్టయితే ఆ లెక్క కూడా వేసుకోమన్నాను, పాత కారు లోనుకి వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. చేతిలో డబ్బుంటే మాత్రం మన నంబరున్న మూడేళ్ళలోపుది, కంపెనీ వారంటీ మిగిలి ఉన్నది, ప్రతి సర్వీసుకీ బిల్లున్నది చూడమన్నాను. కొన్న డబ్బు కాక అందులో ఐదో వంతు పక్కన పెట్టుకో, మొదటి ఏడాదిలోనే అవసరం పడుతుంది అని కూడా చెప్పాను. ఈ ఐదో వంతు ఏ పుస్తకంలోదీ కాదు, నా అనుభవంలో వచ్చిన లెక్క.

గచ్చిబౌలి కుర్రాడు మొన్న ఫోన్ చేసి రెండు లక్షలు తగ్గిస్తామన్నాడట. మా వాడు టైర్ల సంగతి అడిగితే "చూద్దాం సార్" అన్నాడట. నిన్న రాత్రి మా వాడు ఇంకో కారు ఫోటోలు పంపాడు. టీజీ నంబరు, తెల్లది, రెండేళ్ళది. తొమ్మిది ఫోటోల్లో ఎనిమిది బయటివి. "సీటు బెల్టు చివరిదాకా లాగి ఫోటో పంపమన్నాను బావా, ఇంకా పంపలేదు" అని కింద రాశాడు.