ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది...

దేశ భద్రతకు పొంచి ఉన్న ముప్పుల్లో పెంటయ్య ఒకడు. ముప్ఫై ఏళ్ళు పెంటయ్యగా బతికినవాడు ఉన్నట్టుండి ప్రణీత్ అవుతానంటే ఏ ప్రభుత్వం మాత్రం ఉలిక్కిపడదు?

వాడి ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. వీడైనా మిగలాలని నాయనమ్మ పెంటకుప్ప మీద పొర్లించి ఆ పేరు పెట్టింది. పేరు పనిచేసింది, పిల్లాడు బతికాడు. ఇప్పుడు పాస్‌పోర్టులో మార్చుకుంటానంటున్నాడు. పాతదాన్ని దిద్దరు, రద్దు చేసి కొత్తది ఇస్తారు. 36 పేజీల పుస్తకానికి 1500 రూపాయలు. అఫిడవిట్టూ, కొత్త పేరుతో గుర్తింపు కాగితాలూ కావాలి. ఆ కాగితాలు ఇచ్చేవాళ్ళు మళ్ళీ వేరే కాగితాలు అడుగుతారు. సరే, ఇవన్నీ మనకు అలవాటే.

అసలు కిటుకు పేపర్ ప్రకటనలో ఉంది. ఒకటి కాదు, రెండు దినపత్రికల్లో వేయించాలి. సొంతూరి వైపు ఒకటి, ఇప్పుడు ఉంటున్న చోట ఒకటి. ఈ నిబంధన రాసిన మహానుభావుడి కళ్ళ ముందు కదిలిన దృశ్యం నాకూ కనిపిస్తోంది. బొబ్బిలి దగ్గర ఒక ఊరు. పొద్దున్నే టీ కొట్టు. సూరన్న బాబాయి ముఖ్యమంత్రినీ క్రికెట్‌నీ పక్కకు నెట్టేసి, తిన్నగా క్లాసిఫైడ్స్ పేజీ తిప్పుతాడు. పోయిన దస్తావేజులకూ సెప్టిక్ ట్యాంక్ క్లీనింగుకూ మధ్య అగ్గిపెట్టెంత గడి.

"ఒరే అప్పన్నా, మన పెంటిగాడు ప్రణీతంట్రా!"

"ఎవుడికి సెప్పి మార్సుకున్నాడు?"

"మనకే సెప్తన్నాడు గదేటి, పేపర్లో ఏసి."

అంతే, టీ కొట్టు నిండు సభ అయిపోతుంది. పెంటయ్యకు అప్పిచ్చినవాడు ప్రణీత్ నుంచి వసూలు చేసుకోవచ్చా అని ఒకరికి ధర్మసందేహం. పెంటయ్య పేరున రాసిన లగ్నపత్రిక ప్రణీత్‌కు చెల్లుతుందా అని పురోహితుడికి టెన్షన్. చర్చోపచర్చల తర్వాత ఊరంతా ఏకగ్రీవంగా "మాకు అభ్యంతరం లేదు" అంటుంది. కబురు ఢిల్లీకి చేరుతుంది. ఢిల్లీ ఊపిరి పీల్చుకుంటుంది.

జరిగేది మాత్రం వేరు. మధ్యాహ్నానికి ఆ పేజీలో మిరపకాయ బజ్జీలు కట్టి ఇచ్చేస్తారు. ప్రణీత్ నూనెలో నాని మళ్ళీ పెంటయ్య అవుతాడు. రెండో ప్రకటన హైదరాబాద్‌లో వాడు ఉంటున్న కొండాపూర్ అపార్ట్‌మెంట్ల కోసం. అక్కడ పేపర్ తెప్పించుకునేవాళ్ళే తక్కువ. ఆ రోజు ఆ గడి చదివినవాడు దేశం మొత్తమ్మీద ఒక్కడే: అచ్చుతప్పు దొర్లిందేమోనని ప్రాణాలు అరచేత పట్టుకుని కూర్చున్న పెంటయ్య. తర్వాత పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఎ, బి, సి కౌంటర్లు దాటేటప్పుడు ఒక ఉద్యోగి ఆ గడిని వేలుగోటితో వెతికి టిక్కు పెడతాడు. యావన్మందికీ తెలిసినట్టే లెక్క.

(సర్కారు ప్రకటనల పత్రిక గెజిట్‌లో వేయించుకోవచ్చు కదా అంటారు. టీ కొట్టులో గెజిట్ చదివేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, నా పేరూ మార్చుకుంటాను.)

పోనీ, పెంటయ్య మగాడు. కాస్త డబ్బు వదిలించుకుని గట్టెక్కాడు. ఆడపిల్ల సంగతి చూడండి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. అయినా మార్చుకుంటానంటే పెళ్ళి సర్టిఫికెట్ చాలు, పనైపోతుంది. సూరన్న బాబాయి అనుమతి కూడా అక్కర్లేదు.

అదే ఆమె వెనక్కి రావాలనుకుంటే? 2024 నాటికి కేంద్ర గెజిట్ వాళ్ళ నిబంధన ఒకటుండేది. పెళ్ళయిన స్త్రీ పుట్టింటి పేరుకు మళ్ళీ మారాలంటే విడాకుల డిక్రీ తేవాలి, లేదా భర్త దగ్గర నిరభ్యంతర పత్రం తేవాలి అని. ఆ ఏడాది ఒక మహిళ దీని మీద ఢిల్లీ హైకోర్టుకు వెళితే గానీ చాలామందికి ఇలాంటిది ఒకటుందని తెలియలేదు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఏ మనిషితో పడలేక బయటికొచ్చిందో, ఆ మనిషి గుమ్మం ముందే నిలబడి "నా పేరు నేను పెట్టుకోవచ్చాండీ" అని అడగాలా? సంతకం పెట్టకుండా వాడు ఏళ్ళ తరబడి తిప్పించుకుంటే? ఫ్యామిలీ కోర్టులో వాయిదాలు ఎలా నడుస్తాయో ఈ నిబంధన రాసినవాళ్ళకు తెలియదా? అందాకా పరీక్షల్లో, ఉద్యోగంలో, బ్యాంకులో వాడి ఇంటిపేరు మోస్తూ తిరగాలా? సిగ్గుండాలి. పుట్టినప్పుడు పెట్టిన పేరది, వాడి జేబులోది కాదు. పెళ్ళప్పుడు ఆ పేరు తీసేస్తుంటే, పెట్టిన నాన్న దగ్గర నిరభ్యంతర పత్రం తెమ్మని ఒక్క కౌంటర్లోనైనా అడిగారా?