సముద్రం ఒక్కటి ఉంటే సాలు అనేటోళ్లకు

ప్రతి ఎండకాలం ఈ ముచ్చట నాకు తప్పదు. నిన్న మా బామ్మర్ది కాజీపేట నుంచి మిట్టమధ్యాహ్నం బండి మీద వచ్చిండు. కాళ్లు మొఖం కడుక్కొని, అంగి గుండీలు ఇప్పుకొని, కూలర్ ముంగట కూసొని, "సముద్రం పక్కపొంటి ఆరేండ్లు ఉండి మళ్ల ఈ కొలిమిలకు ఎందుకొచ్చినవ్ బావా?" అన్నడు. ఫోన్ల వరంగల్ 43, వైజాగ్ 34 అని ఉంటే, కోర్టుల సాక్ష్యం పెట్టినట్టు ఆ రెండు నంబర్లు నా మొఖం ముంగట పెట్టిండు.

వాడు ఏ కూలర్ ముంగట కూసున్నడో ఆ కూలరే నా జవాబు. దాని మోటర్ కొత్తది. ఎందుకు కొత్తదో తర్వాత చెప్త.

2013ల ట్రాన్స్‌ఫర్ మీద వైజాగ్ పోయినప్పుడు సామాన్లతో పాటు ఈ కూలర్ కూడా లారీల ఎక్కించిన. రేకు బాడీ, మూడు దిక్కుల గడ్డి, హన్మకొండల చేయించింది. ఎంవీపీ కాలనీల రెండో అంతస్తు, కిటికీ పక్కన పెట్టి, బిందెలు బిందెలు నీళ్లు పోసి, స్విచ్ వేసిన. పావుగంటల ఇల్లంత ఇడ్లీ పాత్ర మూత తీసినట్టయింది. పరుపు మీద చెయ్యి పెడ్తె చెమ్మ. మా ఆమె నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ యాదికున్నది. కూలర్ పని చేసేది నీళ్లు గాలిల ఆవిరైపోతేనే. అక్కడి గాలి అప్పటికే నీళ్లు తాగి కడుపు నిండి ఉంటది, ఇంక మన నీళ్లు ఏడ తీసుకుంటది? రంజన్ సంగతి గూడ అంతే. మా అమ్మ పట్టుబట్టి మట్టి రంజన్ పంపింది. వరంగల్ల మధ్యాహ్నం రెండింటికి రంజన్ల నీళ్లు తాగితే పండ్లు జిల్లుమంటయి. వైజాగ్‌ల అదే రంజన్, అదే ఇసుక మీద పెడితే, నల్లా నీళ్లకు దానికి తేడా తెల్వదు.

మన ఒళ్లు గూడ ఓ రంజనే. చెమట ఆరితేనే సల్లబడ్తది. అక్కడ చెమట కారుతది గానీ ఆరదు. స్నానం చేసి తువ్వాల తీసేలోపు మళ్ల తడుస్తం. అందుకే 34 అనే నంబర్ చూసి మోసపోకున్రి. ఆ 34ల పొద్దున ఎనిమిదింటికి బస్టాప్‌ల నిలబడి చూడున్రి, ఇస్త్రీ చేసిన అంగి ఆఫీసు చేరేసరికి వీపుకు అతుక్కుంటది. వాళ్లు దాన్ని ఉక్కపోత అని ఒక్క మాటల తేల్చేస్తరు. ఏసీ కొనుడు తప్ప వేరే తొవ్వ లేదు. ఏసీ కొన్నంక కరెంటు బిల్లు సంగతి ఇక్కడ రాసుకుంటే నాకే కడుపుల మండుతది.

సకినాల కథ చెప్పకుంటే మా అమ్మ ఊకోదు. సంక్రాంతికి కొత్త బియ్యం నానబెట్టి, పిండి పట్టించి, నువ్వులు వాము కలిపి, బట్ట మీద చుట్టలు తిప్పి, అవి కొంచెం ఆరినంక నూనెల వేస్తది. ఇక్కడ స్టీలు డబ్బల పెడ్తే శివరాత్రి దాక కరకరమంటయి. మొదటి ఏడు మా తమ్ముడు గోదావరి ఎక్స్‌ప్రెస్‌ల ఓ డబ్బ నిండ తెచ్చిండు. నాలుగో రోజు ఒకటి తీసి కొరికితే విరగలే, సాగింది. సకినం సాగుడు నేను జన్మల చూడలే. పక్కింటి పిన్నిగారికి చూపిస్తే ఆమె నవ్వి, "మన వైపు ఏదీ కరకరలాడదండి, వచ్చిన రోజే తినీయాలి" అన్నది. ఆమె ఇంట్ల అప్పడాలు బియ్యం డబ్బల పాతిపెట్టి ఉంటయి, బంగారం దాచినట్టు. తర్వాత మేమూ అట్లనే నేర్చుకున్నం. తోలు చెప్పులకు బూజు, బెల్టుకు బూజు, పిల్లగాని పాత పుస్తకాలకు బూజు. ఇక తుప్పు. మన దగ్గర ఇరవై ఏండ్లు నిలిచే ఇనుప బీరువా అక్కడ మూడేండ్లకు కింద పొరలు పొరలు లేచింది. బండి సైలెన్సర్‌కు బెజ్జం పడ్డది. ఇదే కూలర్ కాళ్లు ఇగ చూడున్రి, ఆ మచ్చలు వైజాగ్ గుర్తులే.

ఇంక చుట్టాలు. సముద్రం ఉన్న ఊర్ల ఇల్లంటే ఇల్లు కాదు, సత్రం. మే నెల ఒచ్చిందంటే వరంగల్, కరీంనగర్, మంచిర్యాల నుంచి ఒక బ్యాచ్ దిగుతది, ఇంకో బ్యాచ్ ఎక్కుతది. అందరికీ అదే తిప్పుడు: ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, ఋషికొండ, టైముంటే అరకు. ఆ సబ్‌మెరైన్ లోపటికి నేను ఎన్నిసార్లు వంగి పోయిన్నో లెక్క లేదు, గైడ్ చెప్పేది నేనే ముందుగాల చెప్పేది. వాళ్లు అలల్ల ఆడి ఇసుక తీసుకొచ్చి నా బాత్రూంల పోసి, "మీకేంది, రోజూ ఇదే కదా" అని పోయేటోళ్లు. రోజూ! ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చి ఎవడు పోతడు సముద్రం కాడికి? చుట్టాలు రాకుంటే నెలకోసారి గూడ పోకపోదుము. ఇక్కడ భద్రకాళి చెర్వు పక్క ఉండేటోళ్లు రోజూ పోతున్నరా?

ఇంత తిట్టిన కాబట్టి నిజం గూడ చెప్పాలె. సాయంత్రం నాలుగు దాటినంక సముద్రం మీదికెళ్లి ఓ గాలి లేస్తది. నేల తొందరగ కాగుతది, నీళ్లు నిదానంగ కాగుతయి, అందుకని పగలంత కాగిన నేల మీది గాలి పైకి లేస్తె, నీళ్ల మీది సల్లగాలి దాని జాగకు ఉరుకొస్తది. చదువుకున్నదే. కానీ బాల్కనీల లుంగీ కట్టుకొని నిలబడ్డప్పుడు ఆ గాలి మెడ ఎనుక తాకితే ఏ పాఠమూ యాదికి రాదు. వరంగల్ల సాయంత్రం ఆరింటికి గూడ గోడ మీద చెయ్యి పెడ్తే కాలుతది. నాకు ఇప్పటికీ నాలుగున్నర అయితే తూర్పు దిక్కు తల తిరుగుతది, అలవాటు పోలే.

ఇంకోటి, ఫిషింగ్ హార్బర్. తెల్లారక ముందే పోవాలె. బోట్లు దిగి, గంపలు వరుస పెట్టి, వేలంపాట పాడుతుంటరు. వంజరం, చందువ, రొయ్యలు, పీతలు. మొదట్ల మా ఆమె ముక్కు మూసుకునేది. రెండేండ్లకు చెవుల పక్క రెక్క ఎత్తి, లోపటి మొప్పల ఎరుపు చూసి, బేరం మొదలుపెట్టుడు నేర్చింది. చేపల పులుసు మాత్రం మన తీరే, కొర్రమీనుకు చేసినట్టే. చందువ మంచిదే, కాదనను. కానీ మృగశిర నాడు తినాల్సింది చెర్వు కొర్రమీను. ఈ విషయంల నేను ఎవరితోని వాదించను.

2014 అక్టోబర్ 12 మాత్రం ఎప్పటికీ మరువను. ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. మధ్యాహ్నం గాలి కిటికీలను కాదు, గోడలనే గుంజుతున్నట్టు అనిపించింది. అద్దాలు పలిగినయి. పిల్లగాన్ని పట్టుకొని ఇద్దరం బాత్రూం ముంగటి సందుల కూసున్నం. నడుమ ఒక్కసారి అంతా సప్పుడు బందయింది. అయిపోయిందనుకొని నేను తలుపు తీయబోతే, కింది ఇంటి పెద్దాయన "తీయకండి, ఇది తుఫాను కన్ను, మళ్లీ అటు నుంచి వస్తాది" అని అరిసిండు. నిజంగనే తర్వాత ఎదురు దిక్కు నుంచి కొట్టింది. తెల్లారి చూస్తే పచ్చగుండే ఊరు కాల్చినట్టు గోధుమ రంగు. కైలాసగిరి గుండు కొట్టిచ్చుకున్నట్టున్నది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ లేదు. పాల ప్యాకెట్ కోసం లైన్ల నిలబడ్డ. అప్పటి నుంచి అక్టోబర్ వస్తే టీవీల అల్పపీడనం అనే మాటకు మా ఇంట్ల అందరం అన్నం ప్లేటు మీద ఆగిపోతం.

ఈ భయం మన కాకతీయులకు గూడ తెలుసు. మనకు సముద్రం లేదు లేదు అంటరు గానీ, ఒకప్పుడు ఓరుగల్లు రేవు మోటుపల్లి, ఇప్పటి బాపట్ల జిల్లాల. 1244ల గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించిండు. అంతకుముందు రాజులు తుఫాన్ల పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు గుంజుకునేటోళ్లట. మేము గట్ల చేయం, పెట్టిన సుంకం తప్ప ఏదీ తీసుకోం, సముద్రం మీద ప్రాణాలు పణంగ పెట్టి వస్తున్నరు కదా అని రాయించిండు. వందల కిలోమీటర్ల దూరంల ఓరుగల్లు కోటల కూసున్న రాజు తుఫానును అంత బాగ ఎట్ల అర్థం చేసుకున్నడో నాకు హుద్‌హుద్ తర్వాతనే సమజయింది.

మన ఎండ మంచిదని నేను అనను. ఇక్కడ చెమట కనబడకుంటనే ఆరిపోతది, ఒంట్ల నీళ్లు పోతున్నయని తెల్వది, తెలిసేసరికి మనిషి పడిపోతడు. రామగుండంల, భూపాలపల్లిల ఓపెన్‌కాస్ట్ బొగ్గు మీద పనిచేసేటోళ్లను, ఉపాధి పనికి పోయేటోళ్లను అడుగున్రి. నేను కూలర్ కింద కూసొని పొడి ఎండను పొగుడుడు సులువే. ఫలానా దగ్గర ఎండ తక్కువ అని ఫోన్ల నంబర్ చూపిస్తెనే నాకు కోపమొస్తది.

ఇగ మోటర్ సంగతి. 2025 అక్టోబర్ 28 రాత్రి మోంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటుతున్నదని టీవీల చూసుకుంట కూసున్న. పాత అలవాటు, వైజాగ్ పిన్నిగారికి ఫోన్ చేసి తలుపులు గట్టిగ వేసుకోమని, కొవ్వొత్తులున్నయా అని అడిగిన. తెల్లారి నుంచి హన్మకొండల వాన మొదలైంది. ఆగలే. రాత్రికి మా గల్లీల మోకాలు దాటినయి నీళ్లు, కింది గదిలకొచ్చినయి. ఎండకాలం దాక పనిలేదని ఆ గదిల మూలకు పెట్టిన కూలర్ సగం మునిగింది. సరిగ్గ అప్పుడే ఫోన్ మోగింది.

"ఏటండీ, తుఫాను మాకని కదా చెప్పారు? మాకిక్కడ కరెంటు కూడా పోలేదు, మీ ఊరేటి టీవీలో చూపిస్తన్నాడు?"

కూలర్ మోటర్‌ను బకెట్ల పెట్టుకొని మెట్ల మీద కూసొనే మాట్లాడిన.