అణాల నాటి చట్టం, యాప్‌ల నాటి అప్పు

"ఐపీ పెట్టేస్తే సరి", అంటే కోర్టులో దివాలా పిటిషన్ (ఇన్సాల్వెన్సీ పిటిషన్) వేసేస్తే చాలు అనే మాట ఇదివరకు చిట్టీల వ్యాపారి మునిగినప్పుడో, కమీషన్ కొట్టు ఆసామి రాత్రికి రాత్రి షట్టర్ దించేసినప్పుడో వినపడేది. ఇప్పుడు పాతికేళ్ల పిల్లల నోట వినపడుతోంది. వాళ్లేమీ వ్యాపారం చేసి మునగలేదు. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక క్రెడిట్ కార్డు, అది నిండాక రెండోది, మధ్యలో ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్న నాలుగు నెలలు గడవడానికి ఒక పర్సనల్ లోన్, దాని ఈఎంఐ కట్టడానికి యాప్‌లో ఇంకో లోన్. ఇంట్లో చెప్పలేదు. ఫోన్ మోగితే గుండె జారిపోతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు చెబుతారు, దివాలా పిటిషన్ వేసుకోరా, అన్నీ కొట్టేస్తారు అని.

నిజంగా కొట్టేస్తారా? చట్టం ఉంది, దాన్ని వాడుకునే హక్కూ ఉంది, అందులో తలదించుకోవాల్సింది ఏమీ లేదని మేం నమ్ముతున్నాం. చిక్కల్లా ఏమిటంటే ఆ చట్టం 1920 నాటిది. ఇలాంటి వాళ్ల కోసమని 2016లో పార్లమెంటు పాస్ చేసిన కొత్త నిబంధనలు మామూలు మనిషి దాకా ఇంకా రానేలేదు. ఈ రెంటి మధ్యా ఇరుక్కుని కుర్రాళ్లు నలిగిపోతున్నారు.

జల్సాలు చేసుంటాడులే అని తీసిపారేసేవాళ్లు ఒక్కసారి కార్డు స్టేట్‌మెంట్ తీసి చూడాలి. బాకీ 1,20,000 రూపాయలు అనుకుందాం. వడ్డీ నెలకు మూడున్నర శాతం లెక్కన 4,200. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 756. మినిమమ్ డ్యూ ఐదు శాతం చొప్పున 6,000. జీతం పడగానే కుర్రాడు ఆ ఆరువేలూ కట్టేసి ఈ నెల గండం గడిచింది అనుకుంటాడు, కానీ అసలులో తగ్గింది 1,044 రూపాయలే, అదీ ఆ నెల కార్డు మీద ఇంకేమీ కొనకపోతే. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అనే మన పెద్దవాళ్లకు, ఇది మూడున్నర రూపాయల వడ్డీ అని చెబితే నోరెళ్లబెడతారు. 30 శాతం దాటిన వార్షిక వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది, ఆ ఉత్తర్వును 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు పక్కన పెట్టేసింది.

ఇక ఐపీ సంగతి. మనకు వర్తించేది ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్ట్. సివిల్ కోర్టులో పిటిషన్ వేయాలి, బాకీలు తీర్చే స్థోమత లేదని ప్రాథమికంగా చూపించాలి. ఎవరికెంత ఇవ్వాలి, వాళ్ల అడ్రసులేమిటి, తనకున్న ఆస్తి ఏమిటి, అంతా జాబితాగా పెట్టాలి. చట్టంలో రాసి ఉన్న కనీస అప్పు 500 రూపాయలు, అంటే ఆ అంకె ఏ కాలందో చెప్పక్కర్లేదు. కోర్టు దివాలా ప్రకటించాక ఆస్తి కోర్టుకో, కోర్టు నియమించిన రిసీవర్‌కో దఖలు పడుతుంది, అప్పులిచ్చినవాళ్లు ఆ కోర్టు అనుమతి లేకుండా ఎవరికి వారు దావాలు వేయడానికి వీల్లేదు. చాలామంది ఇక్కడితో పనైపోయింది అనుకుంటారు. కాలేదు. దివాలా ప్రకటించడం వేరు, అప్పుల నుంచి విడుదల చేయడం వేరు. కోర్టు పెట్టిన గడువులోగా ఆ విడుదలకు, అంటే డిశ్చార్జికి, మళ్లీ దరఖాస్తు చేసుకోకపోతే మొదటి ప్రకటన కూడా రద్దయిపోవచ్చు. చేసుకున్నా, ఉన్న ఆస్తి రూపాయికి ఎనిమిది అణాల (అంటే అర్ధరూపాయి) చొప్పునైనా అప్పులకు రాకపోతే, ఆ పరిస్థితి తన తప్పు వల్ల వచ్చింది కాదని కోర్టును ఒప్పించాలి. అవును, అణాలే. పైగా డిశ్చార్జి వచ్చేలోపు తాను దివాలాదారునని చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు అప్పు తీసుకుంటే ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చు. ఫోన్‌లో 'ఇప్పుడు కొను, తర్వాత కట్టు' బటన్ ఒక్కసారి నొక్కితే ఎంత అప్పవుతుందో ఆ చట్టం రాసినవాళ్లకు తెలిసే అవకాశం లేదు కదా.

ఐపీ అంటే మన దగ్గర సగం తిట్టు. దానికి కారణమూ ఉంది. పొలం బావమరిది పేర, ఇల్లు భార్య పేర రాయించేసి, తర్వాత తీరిగ్గా కోర్టుకెళ్లి నా దగ్గర చిల్లిగవ్వ లేదన్న పెద్దమనుషుల్ని ఊళ్లు చూశాయి. కూతురి పెళ్లికని దాచుకున్న డబ్బు అలాంటి వాళ్ల చేతిలో పోగొట్టుకున్నవాళ్ల కోపాన్ని మేం కాదనం. అయితే ఈ ఎత్తు చట్టానికి తెలియనిది కాదు. దివాలాకు ముందు రెండేళ్లలో ఆస్తిని ఊరికే ఇంకొకరికి రాసిచ్చేస్తే ఆ బదిలీని రద్దు చేసే అధికారం కోర్టుకు ఉంది. పేరుకు ఒక లాప్‌టాప్, ఈఎంఐలో ఉన్న బండి తప్ప ఏమీ లేని కుర్రాణ్ని ఆ పెద్దమనుషుల గాటన కట్టడం మాత్రం అన్యాయం.

ఐపీతో పోనివి కూడా ఉన్నాయి, వాటిని ముందే తెలుసుకోవాలి. ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీ పోదు, మోసంతో చేసిన అప్పు పోదు, కోర్టు వేసిన మనోవర్తి పోదు. తాకట్టు ఉన్న అప్పులో ఆ వస్తువు మీద బ్యాంకు హక్కు అలాగే ఉంటుంది, కాబట్టి ఐపీ పెట్టినంత మాత్రాన బండి మిగలదు. చెక్ బౌన్స్ కేసు దానంతట అది ఆగదు. అన్నిటికన్నా మెలిక ఉన్నది జామీను దగ్గర. అప్పు చేసినవాడికి డిశ్చార్జి వచ్చినా, నమ్మి హామీ సంతకం పెట్టినవాడికి రాదు. బ్యాంకు నేరుగా అతని మీదికే వెళ్తుంది.

మరి 2016లో ఏం రాశారు? దివాలా స్మృతిలో కంపెనీల భాగం ఎప్పుడో అమల్లోకి వచ్చింది. వ్యక్తుల భాగాన్ని 2019 డిసెంబర్ 1 నుంచి అమలు చేశారు కానీ, కంపెనీల అప్పులకు పర్సనల్ గ్యారంటీ ఇచ్చిన ప్రమోటర్ల లాంటి వాళ్ల వరకే. మామూలు జీతగాడు, ఆటో నడిపేవాడు, ట్యూషన్ చెప్పే అమ్మాయి అందులో లేరు. కాగితం మీదున్నది చదివితే ఆశ పుడుతుంది: దివాలా ఉత్తర్వు వచ్చిన ఏడాదికి డిశ్చార్జి, మరీ చిన్న అప్పులవాళ్లకు 'ఫ్రెష్ స్టార్ట్' పేరుతో ఏకంగా మాఫీ. ఆ ఫ్రెష్ స్టార్ట్ ఎవరికో చూస్తే ఆ ఆశ ఆవిరైపోతుంది. ఏడాది ఆదాయం 60,000 దాటకూడదు, ఆస్తులు 20,000 దాటకూడదు, అప్పు 35,000 దాటకూడదు, సొంతిల్లు ఉండకూడదు. అంటే నెలకు ఐదువేలు. ఐదువేల సంపాదనకు ఏ బ్యాంకు కార్డు ఇస్తుంది? ఇంకో మాట, స్టూడెంట్ లోన్‌ను కొత్త చట్టమూ మినహాయింపుల్లోనే పెట్టింది, చదువు కోసం అప్పు చేసి ఉద్యోగం దొరకనివాడికి అందులోనూ దారి లేదు.

ఇంగ్లండ్‌లో దివాలా తీసిన మామూలు మనిషికి చాలావరకు 12 నెలల్లో విడుదల దొరుకుతుంది. అమెరికాలో దివాలా చట్టంలోని చాప్టర్ 7 కింద వెళితే మచ్చ క్రెడిట్ రిపోర్టులో పదేళ్లు ఉంటుంది, కానీ అప్పు గోల కొన్ని నెలల్లో తేలిపోతుంది. వాళ్లేదో ఉదారులని కాదు, ముప్పై ఏళ్ల మనిషిని జీవితాంతం అప్పుల ఊబిలో ఉంచితే అతని వల్ల బ్యాంకుకూ లాభం లేదు, దేశానికీ లేదు అని వాళ్లు లెక్కేసుకున్నారు. మన ప్రభుత్వం ఆ లెక్క 2016లోనే వేసింది. తర్వాతి అడుగే వేయలేదు. ఆ భాగాన్ని నోటిఫై చేయాలి, చేసే ముందు ఆ 60,000, 35,000 అంకెల్ని ఇవాళ్టి జీతాలకు, ఇవాళ్టి అప్పులకు తగ్గట్టు మార్చాలి. మా డిమాండ్ ఇదే.

అందాకా కుర్రాడు ఏం చేయాలి? మాకు తోచినంతలో, ఐపీ వైపు పరుగెత్తించేది చాలాసార్లు అప్పు కాదు, భయం. ఆ భయంలో సగానికి విడిగా మందు ఉంది. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు. స్తోమత లేక కట్టలేనివాణ్ని డిక్రీ (అప్పు కట్టమన్న కోర్టు తీర్పు) పేరుతో సివిల్ జైలుకు పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది, ఉండి కూడా ఎగ్గొట్టేవాడి సంగతి వేరు. జీతం అటాచ్ చేసినా, మామూలు అప్పు డిక్రీలో మొదటి వెయ్యి రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోవడానికి లేదు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో చెప్పింది, లోన్ యాప్‌లు కాంటాక్ట్ లిస్టు జోలికి వెళ్లకూడదని కూడా. ఉల్లంఘిస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఫిర్యాదుకు అదే ఆధారం.

బ్యాంకుతో సెటిల్‌మెంట్ మాట్లాడుకోవడం రెండో దారి. క్రెడిట్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది, ఏళ్ల తరబడి కొత్త లోన్ కష్టమవుతుంది. పడనివ్వండి. కొత్త లోన్ దొరక్కపోవడమే అతనికి కొన్నాళ్లు మేలు. ఒప్పుకున్న మొత్తం, గడువు కాగితం మీద లేకుండా మాత్రం ఒక్క రూపాయి కట్టొద్దు, ఫోన్‌లో ఏజెంట్ ఇచ్చిన మాటకు విలువ లేదు. లాయర్ ఫీజుకు డబ్బు లేనివాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేయొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితం.

ఇవన్నీ చూశాక కూడా లెక్క కుదరకపోతే, జీతమంతా వడ్డీకే పోతుంటే, పిటిషన్ వేయండి, దొంగచాటుగా కాదు, అన్నీ చూపించి వేయండి. అప్పుల జాబితా రాసేటప్పుడు బావగారి దగ్గర తీసుకున్న చేబదులు కూడా రాయాలి. జామీను పెట్టిన స్నేహితుడికి కోర్టు కాగితం కన్నా ముందు మీ ఫోన్ వెళ్లాలి.